ఊరికి ఇరవై పీసీలు కాదు, ఒక సర్వరు, ఒక లస్కరు

మన ఆఫీసుల్లో ఇప్పుడు దానధర్మాల సీజను నడుస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని డెస్క్‌టాపులు గోడౌన్లకి చేరాయి. వెంటనే మనవాళ్ళకి సొంతూరు గుర్తొచ్చింది. ఓ ఇరవై పెట్టెలు అమలాపురం వైపో, భీమవరం వైపో వ్యానెక్కించడం, బళ్ళో రిబ్బను కత్తిరించడం, ఫోటో దిగి వచ్చేయడం!

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. డేటా భయంతో చాలా కంపెనీలు హార్డుడిస్కులు పీకేసే ఇస్తాయి. మనం పోయి ఇరవై కొత్త డిస్కులు కొంటాం. అంటే ఇరవై ఇన్‌స్టలేషన్లు, ఇరవై వైరస్సులు, ఇరవై రిపేర్లు. మన మిషను మొరాయిస్తే టికెట్టు పడేసి టీకి వెళ్తాం. అక్కడ లెక్కల మాస్టారు టికెట్టు ఎవరికి పెట్టాలండీ?

అసలు డిస్కులెందుకు? 1999లో జిమ్ మెక్విలన్ మొదలెట్టిన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు (ఎల్‌టీఎస్‌పీ) ఉచితంగా ఉంది. పీసీ ఆన్ చేయగానే నెట్‌వర్క్ కార్డు పీఎక్స్‌ఈతో సర్వరుని పలకరిస్తుంది. డీహెచ్‌సీపీ అడ్రసిస్తుంది, టీఎఫ్‌టీపీ కెర్నెల్ పంపుతుంది, మిగతాదంతా సర్వర్లో ఉన్న ఒకే ఇమేజి నుంచి వస్తుంది. ఇప్పటి ఎల్‌టీఎస్‌పీలో ప్రోగ్రాములు క్లయింటు ప్రాసెసరు మీదే నడుస్తాయి కాబట్టి సర్వరుకి భారీ మిషను అక్కర్లేదు. వచ్చినవాటిలో మంచిది ఎంచుకుని మెమొరీ పెంచండి. ఒక ఎస్‌ఎస్‌డీ, గిగాబిట్ స్విచ్చి, యూపీఎస్ చాలు. తెలుగు ఫాంటు ఒక్కచోట వేస్తే ఇరవైలోనూ వేసినట్టే. కరెంటు పోయినా క్లయింట్లలో పాడయ్యే డిస్కంటూ ఉండదు.

"ఇవన్నీ 2008లోనే చూశాంలే" అంటారు కొందరు. నిజమే. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 5,000 సర్కారు హైస్కూళ్ళకి కంప్యూటర్లిచ్చారు. ఒక పీసీని పలువురు పంచుకునే ఎన్‌కంప్యూటింగ్ పెట్టెలు అందులో వాడారు. ఐదేళ్ళ కాంట్రాక్టు 2013లో ముగిసింది, నేర్పేవాళ్ళు ఇంటికెళ్ళారు, చాలాచోట్ల గదులకి తాళాలు పడ్డాయి. ఇందులో థిన్ క్లయింటు చేసిన పాపమేమిటి? చూసుకునే మనిషే లేకపోతే సూపర్ కంప్యూటరైనా మూల పడాల్సిందే.

గోదావరి వాళ్ళకి ఇది ఒకరు చెప్పాలా? 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. తల ఒక్కటే, దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు. ఇన్నేళ్ళూ అది పారిందంటే రాళ్ళ గొప్పతనమొక్కటే కాదు. లాకుల దగ్గర లస్కరున్నాడు, వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతు చేసే అలవాటుంది. టెర్మినల్ సర్వరూ అంతే. తల ఒక్కటే కాబట్టి, అది పోతే గదంతా ఎండిపోతుంది. ఒప్పుకుంటాను. అందుకే దానికో లస్కరు కావాలి.

కాబట్టి బాబూ, వ్యాను పంపేముందు ఆ ఊళ్ళో ఓ మాస్టారినో, డిగ్రీ కుర్రాడినో పట్టుకోండి. రెండ్రోజులు కూర్చుని వాళ్ళ చేతే సర్వరు పెట్టించండి. ఇమేజి బ్యాకప్ ఎక్కడుందో, ఎలా తిరిగి ఎక్కించాలో తెలుగులో రాసి గోడకి అంటించండి. ఏడాదికోసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఓ పూట చూసి రండి. అంత తీరిక లేదంటారా? అయితే ఆ పెట్టెలు పాత సామాన్లవాడికి అమ్మేయండి. బడికి ఒక గదైనా మిగులుతుంది.