ఎమ్మెల్యే గారి పీఏకూ బ్యాంకు పాఠాలు కావాలి

గల్ఫ్‌లో ఉన్న మనిషికి ఏదైనా జరిగితే ఊళ్లోని కుటుంబం ముందుగా తలుపు తట్టేది ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయాన్ని. రాజంపేట అయినా, రాయచోటి అయినా, కోనసీమ అయినా ఇదే తీరు. అక్కడ సార్ దొరకడం అరుదు. దొరికేది పీఏ. ఆయన కథంతా వింటారు, లెటర్‌హెడ్ మీద బ్యాంకు మేనేజర్‌కు నాలుగు ముక్కలు రాసిస్తారు, లేదా ఒక ఫోన్ చేస్తారు. మంచి మనసుతోనే చేస్తారు. కానీ ఆ ఉత్తరంతో చాలాసార్లు పని జరగదు. ఎందుకు జరగదో ఆయనకూ తెలియదు, కుటుంబానికీ తెలియదు.

నేను ఉండేది మంగఫ్‌లో. 2024 జూన్ 12 తెల్లవారుజామున ఇక్కడి కార్మికుల వసతి భవనంలో మంటలు లేచి కనీసం 45 మంది భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. శ్రీకాకుళం, గోదావరి జిల్లాలకు చెందిన మనవాళ్లు ముగ్గురు వారిలో ఉన్నారు. రెండు రోజుల్లోనే వాయుసేన విమానం మృతదేహాలను కొచ్చికి చేర్చింది. ఆ వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే ఏ మరణంలోనైనా అసలు తిరుగుడు అంత్యక్రియల తర్వాతే మొదలవుతుంది. ఇక్కడి కంపెనీ నుంచి రావాల్సిన బకాయిలు, అక్కడి ఖాతాలో ఉన్న డబ్బు, కుదువలో ఉన్న బంగారం, బీమా, ఇంటి అప్పు. వార్తల్లోకి ఎక్కని గుండెపోటు చావులకూ ఇదే వరస.

నాకు తెలిసిన ఒక డ్రైవర్ కుటుంబం సంగతి చెబుతాను. ఆయన పోయాక భార్య బ్యాంకుకు మూడుసార్లు, ఒక ప్రజాప్రతినిధి కార్యాలయానికి రెండుసార్లు తిరిగింది. నామినీ లేరు కాబట్టి కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. సిఫారసు ఉత్తరం చూపించినా అదే జవాబు. చివరికి ఊళ్లో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన పాస్‌బుక్ మొదటి పేజీ తిప్పి చూశాడు. అది భార్యాభర్తల జాయింట్ ఖాతా, ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ అనే షరతుతో తెరిచింది. మరణ ధ్రువపత్రం, ఆమె గుర్తింపు కార్డు, ఒక దరఖాస్తు ఇస్తే చాలు. రెండు కార్యాలయాల్లో ఆ పాస్‌బుక్ చేతులు మారింది గానీ ఆ ఒక్క లైను ఎవరూ చదవలేదు. ఈలోగా ఆమె నాలుగు నెలలు వడ్డీకి తెచ్చుకుని ఇల్లు నడిపింది.

అందుకే నా అభిప్రాయం ఒకటే. ప్రజాప్రతినిధుల సిబ్బందికి బ్యాంకుల వ్యవహారంలో శిక్షణ ఇవ్వాలి. పలుకుబడితో అయ్యేదానికంటే దారి తెలిస్తే అయ్యే పనులే ఎక్కువ.

వాళ్లకు తెలియాల్సింది పెద్ద చదువేమీ కాదు. నామినీ ఉంటే వారసత్వ పత్రాల కోసం బ్యాంకు పట్టుబట్టకూడదు. నామినీ లేకపోయినా, రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వివాదం లేనప్పుడు వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల రూపాయల వరకు కోర్టు మెట్లెక్కకుండా సులభ పద్ధతిలో ఇవ్వాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో పరిష్కరించాలి. కువైట్‌లో ఇచ్చే మరణ పత్రం అరబిక్‌లో ఉంటుంది కాబట్టి అనువాదం, మన ఎంబసీ ధ్రువీకరణ ముందే చేయించుకోవాలి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టాలి. పోయిన మనిషి ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం సహాయం కాదు, రేపటి చిక్కు. ఆయన ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఆయనతోనే ముగిసిపోతుంది.

బ్యాంకు మాట వినకపోతే? రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. ఆ మొదటి ఫిర్యాదును తిన్నగా రాసిపెట్టడమే పీఏ చేయగల అసలైన మేలు.

అమెరికాలో ఇలాంటి పని ఒక పద్ధతిగా సాగుతుంది. కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాల్లో ప్రజల సమస్యలు చూసేందుకే ప్రత్యేక సిబ్బంది ఉంటారు. అక్కడి జాతీయ బ్యాంకులను పర్యవేక్షించే ఓసీసీ అనే సంస్థ ఆ సిబ్బంది కోసమే సమాచారం ఇస్తుంది. ప్రభుత్వ సంస్థ దగ్గర ఉన్న మనిషి వివరాలు కావాలంటే ముందు ఆ మనిషి సంతకంతో అనుమతి పత్రం తీసుకుంటారు. మనం ముఖ్యంగా నేర్చుకోవాల్సింది ఈ అలవాటే. ఖాతాదారు సమ్మతి లేకుండా బ్యాంకు ఎవరికీ వివరాలు చెప్పకూడదు, ఎమ్మెల్యే అడిగినా సరే. మన దగ్గర కార్యాలయాల బల్లల మీద పాస్‌బుక్కులు, ఆధార్ జిరాక్సులు గుట్టలుగా పడి ఉంటాయి. ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా చెప్పేస్తున్నారు. సహాయం చేసేవాడు మంచివాడే కావచ్చు. ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో ఎవరు చూడొచ్చారు?

‘సార్ ఒక్క ఫోన్ కొడితే ఐదు నిమిషాల పని, ఇదంతా ఎందుకు?’ అనేవాళ్లు ఉంటారు. నిజమే, కొన్నిసార్లు అవుతుంది. కానీ ఫోన్ కొట్టించుకోగలిగినవాడికే అవుతుంది. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఖద్దామా తల్లి, ఊళ్లో ఏ పార్టీ జెండా పట్టని కుటుంబం ఎవరిచేత కొట్టించుకోవాలి? నియమం తెలిసిన పీఏ ఉంటే ఇద్దరికీ ఒకే జవాబు దొరుకుతుంది.

దీనికి కొత్త సంస్థలు పెట్టనక్కర్లేదు. ప్రతి జిల్లాకూ ఒక లీడ్ బ్యాంకు, దానికొక మేనేజర్ ఉన్నారు. జిల్లా స్థాయి సమీక్ష కమిటీ సమావేశాలకు ఎంపీలను, ఎమ్మెల్యేలను పిలిచే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆ వేదిక మీదే ఏడాదికొక పూట వాళ్ల సిబ్బందికి పాఠం చెప్పండి. తెలుగులో ఒకే ఒక్క కాగితం తయారుచేయండి: ఏ సమస్యకు ఏ పత్రం, ఏ అధికారి, ఎన్ని రోజులు. ఆంధ్రాలో ఏపీఎన్‌ఆర్‌టీ, తెలంగాణలో ప్రవాసుల వ్యవహారాలు చూసే విభాగం దానికి ఒక గల్ఫ్ పేజీ జోడిస్తే చాలు. మన సంఘాలు కూడా ఇక్కడికి వచ్చే నాయకులకు శాలువాలు కప్పేటప్పుడు ఈ కోరికను కాగితం మీద పెట్టి చేతికివ్వాలి.

మన వంతు కూడా ఉంది. వచ్చే శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పాస్‌బుక్ తీసి చదివించండి. నామినీ పేరుందా? 2025 నవంబరు 1 నుంచి ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో ఇప్పటికీ అమ్మ పేరే ఉందేమో చూడండి. గల్ఫ్‌కు వచ్చాక కూడా పాత సేవింగ్స్ ఖాతానే వాడుతుంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించండి. పుస్తకం మీద ఆంధ్రా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు అని ఉంటే అవి 2020లోనే యూనియన్, కెనరా బ్యాంకుల్లో కలిశాయి. కడప ప్రాంతపు ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. కొత్త పాస్‌బుక్ తీసుకోమనండి.

ఎండలో సంపాదించిన దీనారు ఇంటికి చేరడానికి ఎక్స్ఛేంజ్‌లో కొన్ని నిమిషాలు చాలు. మనిషి పోయాక ఆ డబ్బే అతని భార్య చేతికి అందడానికి నెలలు పట్టకూడదు. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఈసారి మనవాళ్లు ఒక్క మాట అడగాలి: మీ ఆఫీసులో బ్యాంకు సంగతి తెలిసినవారు ఎవరున్నారు?