ఆప్షన్ విద్యార్థిదే

ఇంటర్ ఫలితాలు రాగానే ప్రైవేటు డిగ్రీ కళాశాలల పీఆర్వోలు పల్లెల బాట పడతారు. చోడవరం చుట్టుపక్కల ఊళ్లలోనే కాదు, రాష్ట్రమంతటా ఇదే తంతు. బస్సు పెడతామంటారు, పుస్తకాలిస్తామంటారు. చివరికి ‘సర్టిఫికెట్లు ఇవ్వండి, వెబ్ ఆప్షన్లు మేమే పెట్టేస్తాం’ అంటారు. ఈ చివరి సాయాన్ని ఏ కుటుంబమూ అంగీకరించకూడదు. ప్రభుత్వం దీన్ని చూసీచూడనట్లు వదిలేయకూడదు.

‘ఎక్కడ చదివితే ఏముంది, పట్టా ఆంధ్రా యూనివర్సిటీదే కదా’ అన్న మాట ఈ ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. 1926లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం పేరుకు విలువ ఉంది. కానీ అనుబంధ కళాశాలలో పాఠం చెప్పేది విశ్వవిద్యాలయం కాదు, ఆ కళాశాల అధ్యాపకులే. సిలబస్ ఒకటే అయినా కెమిస్ట్రీ ల్యాబ్ తలుపు వారానికి ఎన్నిసార్లు తెరుస్తారన్నది కళాశాలను బట్టి మారుతుంది. పైగా విశాఖలోని డాక్టర్ వి.ఎస్.కృష్ణా ప్రభుత్వ కళాశాల వంటి స్వయంప్రతిపత్తి సంస్థల్లో సిలబస్, పరీక్షలు కూడా వేరు. పట్టా మీద పేరు ఒకటే అయినంత మాత్రాన చదువు ఒకటి కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు 2020 నుంచి ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. కోరుకున్న కోర్సు, కళాశాలలను విద్యార్థి వరుసగా జాబితాలో పెట్టడమే వెబ్ ఆప్షన్. మెరిట్ వరుసలో విద్యార్థి వంతు వచ్చినప్పుడు అతని జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఖాళీ ఉన్న మొదటి చోట సీటిస్తారు. అంటే రాదేమోనన్న కళాశాలను మొదట పెట్టినా నష్టం లేదు. అది రాకపోతే రెండోది అలాగే ఉంటుంది. ఇంత తేలికైన సంగతి తెలియక కొందరు భయపడి ఇష్టమైన కళాశాలను కిందికి నెడుతున్నారు. ఇతరుల చేతికి లాగిన్ ఇచ్చినవారి జాబితాలోనైతే తరచూ ఒక్క కళాశాలే ఉంటుంది.

నగరంలో ఉన్నదే గొప్పదని కూడా మేం చెప్పడం లేదు. చోడవరం విద్యార్థి ముందు స్థానిక ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, అనకాపల్లి ఉంది, విశాఖ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు ఛార్జీ లేదు కాబట్టి డబ్బు భారం తగ్గింది. రోజూ ప్రయాణంలో పోయే గంటలు మాత్రం తగ్గలేదు. కోరుకున్న మేజర్ సబ్జెక్టుకు అధ్యాపకులుంటే దగ్గరి కళాశాలే మేలు. లేకపోతే దూరమైనా వెళ్లాలి. ఈ లెక్క వేసుకోవాల్సింది విద్యార్థే.

పల్లె పిల్లలకు ఆన్‌లైన్ వ్యవహారం తెలియదు, ఎవరో ఒకరు సాయం చేయకపోతే ఎలా అని కొందరు అడుగుతారు. సాయం కావాల్సిందే. సీట్లు నింపుకోవాల్సిన అవసరం ఉన్నవాళ్లే ఆ సాయం చేయడమే తప్పు. ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఆప్షన్ల గడువు ముగిసేదాకా సహాయ కేంద్రం నడపాలి. ఆప్షన్ పెట్టే తెరమీదే ఆ కళాశాలలో సబ్జెక్టువారీగా అధ్యాపకుల సంఖ్య, గత మూడేళ్ల ఉత్తీర్ణత, నిండిన సీట్లు కనిపించాలి. వేలాది మందిని వరుసలో పెట్టగల కంప్యూటర్‌కు నాలుగు అంకెలు చూపించడం కష్టం కాదు.

విద్యార్థి పేరున తామే ఆప్షన్లు పెట్టినట్లు తేలిన కళాశాలకు ఆ ఏడాది కొత్త ప్రవేశాలు ఆపాలి. అప్పటికే సీటొచ్చినవారికి మరోసారి ఎంచుకునే అవకాశమివ్వాలి. ఉన్నత విద్యామండలి ఈ నిబంధనను తదుపరి నోటిఫికేషన్‌లోనే చేర్చాలి. తల్లిదండ్రులు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పనివారు బిడ్డ చదువును తేల్చే పాస్‌వర్డ్‌ను మాత్రం పరాయివారికి ఎందుకివ్వాలి?