తాళం ఎవరికి?

విద్యార్థులారా! కంప్యూటరుతో సంగీతం కూర్చే ప్రోగ్రాములు ఉన్నాయని మీకు తెలుసు. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో విడుదల చేసిన క్యూబేస్ అలాంటిదే. దాన్ని దొంగచాటుగా కాపీ చేయకుండా, తాళంచెవి వంటి చిన్న పరికరాన్ని జతచేశారు. దాని పేరు డాంగిల్.

డాంగిల్ ఎలా పనిచేస్తుంది? ప్రోగ్రాము దానికొక సంఖ్యను పంపుతుంది. డాంగిల్ తనలోని రహస్య సంఖ్యతో లెక్కకట్టి జవాబిస్తుంది. జవాబు సరిపోతేనే ప్రోగ్రాము నడుస్తుంది. మరి దొంగ ఏం చేస్తాడు? జవాబు కోసం వెతకనక్కరలేదు. ప్రశ్న అడిగే భాగాన్నే ప్రోగ్రాములోంచి తీసేస్తాడు!

ఫలితం చూశారా? దొంగకు తాళం అడ్డులేదు. డబ్బిచ్చి కొన్నవాడికి మాత్రం డాంగిల్ పోతే పని ఆగిపోతుంది. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. 2022లో వచ్చిన క్యూబేస్ 12కు డాంగిల్ అవసరం లేకుండా చేయడం మంచి పనే.

అయితే తాళం బలహీనమైనదని దొంగతనం ఒప్పవుతుందా? "కాపీ చేస్తే అసలుది తరిగిపోదు కదా!" అని మీరు అడగవచ్చు. వస్తువు తరగదు, నిజమే. కాని దాన్ని తయారుచేసినవారి శ్రమకు దక్కవలసిన ఫలం తరుగుతుంది. అందుకే 1984 సవరణతో మన కాపీరైటు చట్టం ప్రోగ్రాములకూ రక్షణ కల్పించింది. పైగా, తాళం పగలగొట్టినవాడు లోపల వైరస్‌ను పెట్టలేదని ఎవరు చెప్పగలరు?

కొనే స్తోమత లేదా? అడాసిటీ, ఎల్.ఎం.ఎం.ఎస్. వంటివి ఉచితంగా దొరుకుతాయి. వాటిని కాపీ చేసి స్నేహితులకు ఇవ్వడానికి తయారుచేసినవారే అనుమతించారు. నేర్చుకోవడానికి అవి చాలు. వాటితో మొదలుపెట్టండి.