ఆ ఏడాదిని ఎవరేమన్నారు?

దైవప్రవక్త (స) మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసిన సంవత్సరం ఏదని పిల్లల్ని అడిగితే '622' అని ఠక్కున చెబుతారు. తప్పేమీ కాదు. కానీ ఆనాటి అరబ్బులు ఆ అంకెతో లెక్కించేవారు కారు. ఏసు జననం నుండి లెక్కించే పద్ధతిని డయోనీసియస్ అనే క్రైస్తవ సన్యాసి రోమ్‌లో 525లో రూపొందించినా, అది వాడుకలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

మరి ఆ ఏడాదిని ఎవరేమన్నారు? అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ పేరిట నడిచే లెక్కలో సిరియా క్రైస్తవులకు అది 933. ఈజిప్టు క్రైస్తవులకు 338. ఆగస్టు చివర వారి కొత్త సంవత్సరం రాగానే 339. కాన్‌స్టాంటినోపుల్‌లో హెరక్లియస్ ఏలుబడి 12వ ఏడు, ఇరాన్‌లో ఖుస్రో పర్వేజ్ 33వ ఏడు. మన దక్కన్‌లో చాళుక్యుల శాసనాలు వాడిన శక లెక్క ప్రకారం 544. రాజుల లెక్కతో చిక్కేమిటంటే, రాజు పోతే మళ్లీ ఒకటి నుండి మొదలు! అరబ్బులకు ఆ లెక్కయినా లేదు. 'ఏనుగుల సంవత్సరం' అంటూ పెద్ద సంఘటనలతో గుర్తు పెట్టుకునేవారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, మీ ఉత్తరాలపై తేదీ ఉండటం లేదని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) రాశారట. సహాబాలతో సంప్రదింపులు జరిగాయి. రోమన్ల లెక్క, పారసీకుల లెక్క ప్రస్తావనకు వచ్చాయి. చివరికి హిజ్రత్‌నే ఆరంభంగా తీసుకున్నారు. హిజ్రత్ జరిగింది రబీఉల్ అవ్వల్‌లో. సంవత్సరాన్ని మాత్రం ముహర్రంతో మొదలుపెట్టారు. ఇతరుల లెక్కను వారు తిట్టలేదు, తమకు పనికొచ్చేది ఎంచుకున్నారు. 'మా క్యాలెండరే అసలైనది' అని వాదించే మన యువకులు ఇది గమనించాలి.

ఇప్పటి సంవత్సరంలోంచి 622 తీసేస్తే హిజ్రీ వస్తుందనుకునేవారు ఇంకా ఉన్నారు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. ఇంగ్లీషు లెక్కలో 33 ఏళ్లు గడిచేసరికి హిజ్రీలో 34 పూర్తవుతాయి. పెళ్లికార్డుపై తేదీ తప్పితే నష్టం లేదు. జకాత్ మాటేమిటి? జకాత్‌కు ఏడాది అంటే చాంద్రమాన సంవత్సరమే. మన వ్యాపార సోదరులు చాలామంది మార్చి 31న ఖాతాలు మూసి, అప్పుడే నూటికి రెండున్నర లెక్కగడతారు. అలా 33 ఏళ్లు చేసిన మనిషి పూర్తిగా ఒక ఏడాది జకాత్ బాకీ పడ్డట్టే. అది పేదల హక్కు.

మార్చి లెక్క తప్పదనుకునే వారు రెండున్నర బదులు సుమారు 2.58 శాతం తీయాలని నేటి ఉలమాల్లో పలువురు చెప్పారు. అంతకంటే తేలిక, నిసాబ్ పూర్తయిన చాంద్రమాన తేదీని ఖాతా పుస్తకం మొదటి పేజీలో రాసుకోవడం. గడిచిపోయిన ఏళ్ల బాకీ ఎంతో మీ మస్జిద్ ఇమామ్ గారితో కూర్చుని లెక్క చూసుకోండి.