సంచి కారకముందే కొలత చూడండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

పేగు ఆపరేషన్ తర్వాత పొట్ట మీద మలం బయటికొచ్చే ద్వారంతో (స్టోమా) ఇంటికెళ్లే ప్రతి రోగికీ ప్రభుత్వాసుపత్రుల్లో మళ్లీ కొలత తీసే ఏర్పాటు చేయమని అడగడానికే ఈ లేఖ. వాపు తగ్గుతూ మొదటి 6 నుంచి 8 వారాల్లో స్టోమా చిన్నదవుతుంది. మలం పట్టే సంచిని చర్మానికి అంటించే ప్లేటు రంధ్రం దానికన్నా 2, 3 మిల్లీమీటర్లే పెద్దదిగా ఉండాలి. డిశ్చార్జి నాటి కొలతే వాడుతూ పోతే చుట్టూ చర్మం బయటపడుతుంది. చిన్నపేగు స్టోమా అయితే మలంలోని జీర్ణరసాలకు ఆ చర్మం పుండవుతుంది. చెమ్మగిల్లిన పుండు మీద ప్లేటు అంటదు, మళ్లీ కారుతుంది. తర్వాత ఒళ్లు చేసినా, చిక్కినా, హెర్నియా వచ్చినా, గర్భం దాల్చినా పొట్ట ఆకారం మారి ఇదే తంతు. పడుకోబెడితే కనిపించని మడత కూర్చోగానే తేలుతుంది. కాబట్టి కూర్చోబెట్టి కూడా చూడాలి.

ఇబ్బందైతే రోగే వస్తాడు కదా అంటారేమో. కారడం మామూలే అనుకున్నవాడు రాడు. పెళ్లికీ పనికీ బస్సుకీ దూరమై ఇంట్లోనే ఉండిపోతాడు. ఖర్చంటారా, కొలత అట్ట ముక్క ఖరీదెంత? కారినప్పుడల్లా సంచి మార్చడమే అసలు ఖర్చు. ఆపరేషనైన నెలన్నరకు ఒకసారి, ఆపైన బరువు మారినప్పుడల్లా శిక్షణ పొందిన నర్సు చేత పరీక్ష చేయించండి. లోపలికి కుంగిన స్టోమాలకు ఉబ్బెత్తు ప్లేట్లు, పేస్టు, బెల్టు జిల్లా ఆసుపత్రిలోనే దొరికేలా ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
ఒక పౌరురాలు