అరవై దాటాక వియత్నాం

ఇప్పుడు 70 ఏళ్లకు అటూఇటూ ఉన్న తరానికి వియత్నాం మొదట నినాదంగా పరిచయం. 1975 ఏప్రిల్ 30న సైగాన్ ఉత్తర వియత్నాం సేనల వశమైన నాటికి వారు కాలేజీల్లో ఉన్నారు. ఆ దేశం పేరు గోడల మీద చదివారు, ఊరేగింపుల్లో విన్నారు. కలకత్తాలోనైతే అమెరికా కాన్సులేట్ ఉన్న వీధికి ఏకంగా హోచిమిన్ పేరే పెట్టారు. అర్ధశతాబ్దం గడిచింది. అదే తరం ఉద్యోగ విరమణ చేసి, పిల్లల పెళ్లిళ్లు చేసి, మోకాళ్లకు పట్టీలు వేసుకుని ఆ దేశానికి టికెట్లు వెతుకుతోంది.

వెళ్లడం ఇప్పుడు సులభం. 2023 ఆగస్టు 15 నుంచి వియత్నాం అన్ని దేశాల వారికీ 90 రోజుల వరకు ఈ-వీసా ఇస్తోంది. ఒక్కసారి ప్రవేశానికి రుసుం 25 డాలర్లు. 2019లో అక్కడికి వెళ్లిన భారతీయులు సుమారు 1.7 లక్షల మంది కాగా 2024లో ఆ సంఖ్య 5 లక్షలు దాటింది. కానీ వారి కోసం మార్కెట్లో ఉన్న సరుకు మాత్రం దాదాపు ఒకే మూసలో ఉంటుంది: ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. హనోయ్, హాలాంగ్ బే, డా నాంగ్ కొండ మీది గోల్డెన్ బ్రిడ్జ్, సైగాన్. తెల్లవారుజామున లాబీలో సూట్‌కేసులు, ఏడింటికి బస్సు, మధ్యాహ్నం ‘ఇండియన్ లంచ్’. ఉత్తరం నుంచి దక్షిణానికి 1,600 కిలోమీటర్లకు పైగా సాగే దేశాన్ని ఆరు రోజుల్లో చుట్టేయడానికి కావలసింది వేగం. పెద్దవాళ్ల దగ్గర లేనిది అదే. వారి దగ్గర పుష్కలంగా ఉన్నది సమయం, దాని అవసరం ప్యాకేజీకి లేదు. అందుకే ఎవరి వెంటా పడకుండా, ఇద్దరే, మూడు నాలుగు వారాల తీరికతో బయల్దేరే దంపతులకు వియత్నాం అనుకున్న దానికంటే అనుకూలమైన దేశం.

అందుకు మొదటి కారణం రైలు. హనోయ్ నుంచి సైగాన్‌కు, అంటే నేటి హోచిమిన్ సిటీకి, 1,726 కిలోమీటర్ల మీటర్‌గేజి మార్గాన్ని ఫ్రెంచివారు 1936లో పూర్తి చేశారు. యుద్ధాల్లో వంతెనలు కూలి, దేశం రెండు ముక్కలై రైలూ ఆగిపోయింది. 1975 తర్వాత కొత్త ప్రభుత్వం హడావుడిగా మరమ్మతులు చేయించి 1976 చివర్లో మళ్లీ నడిపింది. అందుకే దానికి పునరేకీకరణ రైలు అన్న పేరు వచ్చింది. ఆ చివరి నుంచి ఈ చివరికి ఏకబిగిన వెళ్తే 30 గంటలు దాటుతుంది. అలా వెళ్లాల్సిన పనే లేదు. హనోయ్ నుంచి హుయేకి 688 కిలోమీటర్లు, ఒక రాత్రి. హుయే నుంచి డా నాంగ్‌కు 103 కిలోమీటర్లు, మూడు గంటల లోపు. అక్కడి నుంచి న్యా ట్రాంగ్‌కు ఒక పగలు, న్యా ట్రాంగ్ నుంచి సైగాన్‌కు 411 కిలోమీటర్లు, మరో పగలు. ప్రతి మజిలీలో నాలుగైదు రోజులు ఆగితే నెల ఎలా గడిచిందో తెలియదు.

రాత్రి ప్రయాణానికి నాలుగు బెర్తుల ‘సాఫ్ట్ స్లీపర్’ కంపార్ట్‌మెంట్‌లో కింది బెర్తులు రెండూ తీసుకోవడం మేలు. కింది బెర్తుకు అక్కడ ధర ఎక్కువ. మోకాళ్ల నొప్పి తెలిసినవారు ఆ తేడాకు బాధపడరు. 60 దాటిన తమ పౌరులకు వియత్నాం రైల్వే టికెట్‌లో రాయితీ ఇస్తుంది. విదేశీయులకు అది వర్తించదు. మన రైల్వే ఇచ్చే రాయితీని కోవిడ్ పేరిట 2020 మార్చిలో ఆపేసిన సంగతి గుర్తున్నవారు ఆ కౌంటర్ దగ్గర ఒక నిట్టూర్పు విడవొచ్చు. రైలుకంటే చవకని స్లీపర్ బస్సు ఎక్కాలనుకుంటే మాత్రం ఒకసారి ఆలోచించాలి. కాళ్లు ముందుకు దూర్చి పడుకునే ఆ ఇరుకు గూళ్లు పొడుగరులకూ పెద్దవయసు వారికీ శిక్షే.

హుయే, డా నాంగ్‌ల మధ్య హాయ్ వాన్ కనుమ. రైలు కొండను చుట్టుకుంటూ సముద్రం అంచున మెల్లగా పాకుతుంది. 2005లో రోడ్డు సొరంగం తెరిచాక బస్సులు కొండ కిందుగా దూసుకుపోతున్నాయి, అందులో వెళ్లేవారికి ఈ దృశ్యం లేదు. హుయే 1802 నుంచి 1945 వరకు న్యూయెన్ రాజుల రాజధాని. కోట, ఊరికి దూరంగా రాజుల సమాధులు, మధ్యలో నది. ప్యాకేజీ బస్సులు అన్నీ ఒకే రోజులో చూపిస్తాయి. రాళ్లు పరిచిన ఆవరణల్లో, ఎండలో, ఆ నడక యువకులకే భారం. ఒక రోజు కోట, ఒక రోజు సమాధులు, మధ్యలో ఒక రోజు నది ఒడ్డున ఊరికే కూర్చోవడం: ఈ లెక్క కుదిరేది సొంతంగా వెళ్లినవారికే.

డా నాంగ్ నుంచి భారతీయులకు సొంతమనిపించే మరో చరిత్ర మొదలవుతుంది. మధ్య వియత్నాంను శతాబ్దాల పాటు ఏలిన చంపా రాజులు శైవులు. సంస్కృత శాసనాలు వేయించారు. 4వ శతాబ్దంలో భద్రవర్మ తన పేరు కలిపి భద్రేశ్వరుణ్ని ప్రతిష్ఠించిన మీ సన్ లోయ హోయ్ ఆన్‌కు సుమారు 40 కిలోమీటర్లు. 1969లో అమెరికా బాంబులకు అక్కడి ప్రధాన ఆలయం కూలిపోయింది. మిగిలిన వాటిలో కొన్నింటి పరిరక్షణను భారత పురావస్తు శాఖ చేపట్టింది. ఆ పనుల్లోనే 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. న్యా ట్రాంగ్‌లోని పో నగర్ గుడిలో చామ్‌ల అమ్మవారికి నేటికీ పూజలు జరుగుతున్నాయి, చేసేవారిలో వియత్నామీయులే ఎక్కువ. తెలుగువారికి మరో ఆకర్షణ సైగాన్ చరిత్ర మ్యూజియంలో ఉంది: 1911లో దొరికిన డాంగ్ డువాంగ్ కంచు బుద్ధుడు. ఆ వస్త్రం మడతల్లో అమరావతి శైలి కనిపిస్తుందని కొందరు కళా చరిత్రకారులు, సింహళ శైలి అని మరి కొందరు వాదిస్తూ వచ్చారు. గైడు గడియారం చూసుకుంటుంటే ఈ వాదన తేలదు. ఆ విగ్రహం ముందు ఒక గంట నిలబడే తీరిక ఉండాలి.

ఇక ఒంటి సంగతి. హనోయ్ వీధి దాటడం గురించి భయపెట్టేవారు చాలామంది. వేలాది మోటారు సైకిళ్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. అక్కడి నియమం ఒక్కటే. పరుగెత్తకూడదు, వెనకడుగు వేయకూడదు, ఒకే వేగంతో నెమ్మదిగా నడవాలి. బండ్లు తప్పుకుని పోతాయి. కోఠీలోనో బెంజ్ సర్కిల్‌లోనో రోడ్డు దాటిన అనుభవం ఉన్న పెద్దలకు ఇది కొత్త విద్యేమీ కాదు. అసలు పరీక్ష పేవ్‌మెంట్ మీద ఎదురవుతుంది. మంచి తిండి దొరికే చోట కూర్చోడానికి ఇచ్చేది జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూలు. కూర్చోవడం తేలికే, లేవడానికి పక్కవారి భుజం కావాలి. పాత హనోయ్ ఇళ్లు సన్నగా నిలువుగా పెరిగినవి. చిన్న హోటళ్లలో లిఫ్టు లేక నాలుగో అంతస్తు గది అంటగట్టే ప్రమాదం ఉంది. బుక్ చేసే ముందే లిఫ్టు ఉందో లేదో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. కాఫీలో గట్టి తీపి పాలు పోస్తారు. మధుమేహం ఉన్నవారు చక్కెర లేని నల్ల కాఫీ అని స్పష్టంగా చెప్పాలి.

శాకాహారులకు నేర్చుకోవలసిన మాట ‘ఆన్ చై’. చాయ్‌కి దీనికి సంబంధం లేదు, శాకాహారం తినడమని అర్థం. బౌద్ధ సంప్రదాయంలో చాంద్రమాన నెల మొదటి రోజున, 15వ రోజున మాంసం మానేసేవారు చాలామంది ఉండటంతో ‘చై’ బోర్డు ఉన్న భోజనశాలలు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. మామూలు హోటల్లో ‘మాంసం వద్దు’ అంటే చాలదు. చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే రసం కూరల్లోనూ పడుతుంది. నోట్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అన్నింటి మీదా హోచిమిన్ ముఖమే. 20 వేల డాంగ్‌ల నోటూ 5 లక్షల నోటూ మసక వెలుతురులో ఒకే నీలం. కళ్లద్దాలు లేకుండా టాక్సీకి డబ్బులిస్తే 25 రెట్లు చెల్లించినట్టే. ఛార్జీ ముందే చూపే గ్రాబ్ యాప్ ఈ బెడదను చాలావరకు తగ్గిస్తుంది.

వాతావరణం మూడు రకాలు. జనవరిలో హనోయ్‌లో స్వెట్టర్ కావాలి, అదే రోజు సైగాన్‌లో చెమటలు. అక్టోబర్, నవంబర్ నెలల్లో హుయే, హోయ్ ఆన్‌లలో వరదలు మామూలే. మొత్తం దేశం చూడాలంటే ఫిబ్రవరి ద్వితీయార్ధం నుంచి ఏప్రిల్ వరకు మేలు. చాంద్రమాన కొత్త సంవత్సరం టెట్ రోజుల్లో మాత్రం రైళ్లలో కాలు పెట్టే చోటుండదు. హాలాంగ్ బేలో పడవ ఎక్కేముందు ఆకాశం వంక చూడాలి. 2025 జులైలో ఉన్నట్టుండి విరుచుకుపడిన గాలివానకు అక్కడ పర్యాటక పడవ బోల్తా పడి 30 మందికి పైగా చనిపోయారు. డబ్బు కట్టేశామన్న కారణంతో పడవ ఎక్కకూడదు. కార్యక్రమం మార్చుకునే స్వేచ్ఛ సొంత ప్రయాణంలో ఉన్న పెద్ద రక్షణ.

ఈ జాగ్రత్తలన్నీ చదివిన అమెరికాలోని కొడుకు ‘‘నాన్నా, ఈ వయసులో ఎందుకు? ఎవరైనా టూర్ వాళ్లతో వెళ్లండి’’ అంటాడు. అతని భయం కొట్టిపారేయదగింది కాదు. 60 దాటాక ప్రయాణ బీమా ప్రీమియం వయసుతోపాటు పెరుగుతుంది. రక్తపోటు, చక్కెర, గుండె జబ్బు ముందే ఉంటే వాటివల్ల వచ్చే ఖర్చును చాలా పాలసీలు మినహాయిస్తాయి, లేదా ప్రాణాపాయం వరకే పరిమితం చేస్తాయి. కాబట్టి చౌక పాలసీ కోసం జబ్బు దాచడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. పెద్ద ఆస్పత్రులు హనోయ్, సైగాన్, డా నాంగ్‌లలో ఉన్నాయి. కేసు మరీ క్లిష్టమైతే బ్యాంకాక్‌కో సింగపూర్‌కో తరలించాల్సి రావచ్చు. పాలసీలో ఆ తరలింపు ఖర్చు ఉందో లేదో చూడాలి. మందులు పూర్తి కాలానికి సరిపడా తీసుకెళ్లాలి, ప్రిస్క్రిప్షన్‌లో బ్రాండు పేరుతోపాటు మందు అసలు పేరు రాయించుకోవాలి. మన బ్రాండు పేరు చెబితే అక్కడి దుకాణంలో అర్థం కాదు.

కానీ కొడుకు అడగనిది, ఆ ఇంట్లో ఎవరికీ తట్టనిది మరొకటుంది. మన మధ్యతరగతి ఇళ్లలో ‘ఇద్దరం వెళ్లాం’ అంటే చాలాసార్లు ఒకరు వెళ్లడం, మరొకరు వెంట నడవడం. పాస్‌పోర్టులు ఆయన సంచిలో, కార్డు పిన్ ఆయనకే తెలుసు, హోటల్ బుకింగ్ ఆయన ఫోన్‌లో. మందుల డబ్బా మాత్రం ఆమె దగ్గర, ఏ మాత్ర ఎప్పుడో ఆయనకు తెలియదు. ఇంట్లో ఈ పని విభజన 40 ఏళ్లు బాగానే నడిచి ఉండవచ్చు. న్యా ట్రాంగ్‌లో అర్ధరాత్రి ఆయనకు ఛాతీ నొప్పి వస్తే మాత్రం ఆమెకు కావలసినవన్నీ ఆయన బుర్రలోనూ ఆయన ఫోన్‌లోనూ ఉంటాయి. పడిపోయింది ఆమే అయితే, ఏ మందు పడదో డాక్టర్‌కు చెప్పలేక ఆయన నిలబడిపోతారు. ప్యాకేజీలో ఈ లోటును టూర్ మేనేజర్ కప్పిపుచ్చుతాడు. ఇద్దరే వెళ్లినప్పుడు దాన్ని కప్పేవారుండరు.

అందువల్ల అసలు సన్నాహం బయల్దేరడానికి రెండు నెలల ముందు ఇంట్లోనే మొదలుకావాలి. ఇద్దరి ఫోన్లలోనూ సిమ్ పనిచేయాలి, ఇద్దరి పేరిటా కార్డులు ఉండాలి. వీసా దరఖాస్తు ఎవరిది వారే నింపుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే వేయాలి, అధికారిక వెబ్‌సైట్‌ను పోలిన దళారీ సైట్లను గుర్తుపట్టాలి. బీమా కంపెనీ నంబరు, జబ్బుల వివరం, హోటల్ చిరునామా వియత్నామీ లిపిలో రాసిన కాగితం ఇద్దరి జేబుల్లోనూ ఉండాలి. హుయేలో ఒక పూట ఆమె ఒక్కతే టాక్సీ పిలిచి బజారుకు వెళ్లి రావాలి, ఆయన ఒక్కరే మందుల దుకాణానికి వెళ్లాలి. సరదాకు చేసే పనిలాగే ఉంటుంది. నిజానికి ఇది ఇద్దరిలో ఒకరు మిగిలిపోయే రోజుకు కూడా కసరత్తు. ఆ రోజు గురించి మాట్లాడుకోని దంపతులకు ఈ ప్రయాణం ఒక మర్యాదైన సాకు.

చివరి మజిలీ సైగాన్‌లో యుద్ధ అవశేషాల మ్యూజియం ఉంది. ఏజెంట్ ఆరెంజ్ బాధితుల ఫోటోలున్న గదిలోంచి చాలామంది మాట లేకుండా బయటికొస్తారు. కాలేజీ రోజుల్లో నినాదాలిచ్చిన తరానికి అక్కడ ఒక పాత లెక్క సరిపోతుంది. బయట వీధిలో ఉన్నవారిలో అత్యధికులు 1975 తర్వాత పుట్టినవారు. వారికి ఆ యుద్ధం తాతల కథ. 1986లో మొదలైన ‘దోయ్ మోయ్’ సంస్కరణల తర్వాతి దేశమే వారికి తెలుసు. ఆ రెండు వియత్నాంలనూ పక్కపక్కన పెట్టి చూడగల కళ్లు పర్యాటకుల్లో ఈ వయసు వారికే ఉన్నాయి. చేతిలో వీసా 90 రోజులకు ఉంది. మోకాళ్లు మాత్రం ఎన్నేళ్లకు గడువిచ్చాయో ఎక్కడా రాసి ఉండదు.