ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమా?

మన చిన్న ఊళ్లలోనూ ఇప్పుడు పెద్ద కార్లు తిరుగుతున్నాయి. మదనపల్లె టమోటా మార్కెట్టు దగ్గర గానీ, హార్స్లీ హిల్స్ మలుపుల్లో గానీ బెంజో, ఆడీనో కనిపిస్తే ఎవరూ ఆగి చూడడం లేదు. వాటిల్లో అన్నీ కొత్తవేం కాదు. ఏ బెంగుళూరులోనో ఎవరో అరవై లక్షలు పోసి కొన్న బండి, ఏడెనిమిదేళ్లు తిరిగాక పదో పన్నెండో లక్షలకు మన వాకిట్లోకి వస్తోంది. కొత్త చిన్నకారు ధరకే పెద్దకారు దొరుకుతుంటే ఎవరికి మాత్రం ఆశ ఉండదు?

ఆశపడడం తప్పు కాదు. కానీ ఒక లెక్క మరిచిపోతున్నాం. పాతబడితే కారు ధర తగ్గుతుంది గానీ, దాని స్పేరు పార్టుల ధర తగ్గదు. పది లక్షలకు కొన్నా అది అరవై లక్షల బండే. దాని బ్రేకులు, గేరుబాక్సు, షాకబ్జార్బర్లు అన్నీ అరవై లక్షల బండి ఖరీదులోనే ఉంటాయి. చిన్నకారు మన పుంగనూరు ఆవులాంటిది. తక్కువ మేసి ఇంటికి సరిపడా పాలిస్తుంది. పెద్దకారు ఏనుగు. హార్స్లీ దొర వచ్చి బంగళా కట్టుకోకముందు ఆ కొండ పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన పిల్ల మల్లమ్మ అని అక్కడి కథ. ఏనుగు మనిషిని సాకడం కథలో బాగుంటుంది. మనం ఏనుగును సాకాలంటేనే తెలుస్తుంది!

“బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడు దాన్ని విప్పడం ఎందుకు?” అంటారు మగవాళ్లు. స్టవ్వు బాగానే వెలుగుతోందని మనం గ్యాసు ట్యూబు మార్చకుండా ఉంటున్నామా? అయిదేళ్లయితే మార్చేస్తాం. అది పగిలేదాకా ఆగితే ఏమవుతుందో మనకు తెలుసు. కారుకూ అదే నీతి.

అలాగని మెకానిక్కు రాసిచ్చిన చీటీలో ఉన్నవన్నీ చేయించనక్కర్లేదు. ప్రతి పనికీ ముందు ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది చెడిపోతే ఏమవుతుంది? జవాబును బట్టి పనులు మూడు రాశులుగా విడిపోతాయి.

మొదటి రాశి, చెడితే ప్రాణం మీదికొచ్చేవి. బ్రేకులు, టైర్లు, స్టీరింగు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు తక్కువ వేడికే మరుగుతుంది. నాలుగువేల అడుగుల కొండ మీదినుంచి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగుతుంటే ఆ వేడికి లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు మెత్తగా కిందికి దిగిపోతుంది. అందుకే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే దాంతో పని లేకుండా రెండేళ్లకోసారి ఆ ఆయిలు మార్పించాలి. చిన్న గేరులో దిగడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1419 అని ఉంటే 2019లో పద్నాలుగో వారంలో తయారైందని అర్థం. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లతో పిల్లల్ని కొండెక్కించకండి.

రెండో రాశి, చిన్నదే గానీ చెడితే పెద్దదాన్ని ముంచేవి. టైమింగు బెల్టు తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు పోయి వాల్వులను గుద్దుతాయి, ఇంజనే పోతుంది. కూలెంటు కారిపోతే ఎక్కుడులో ఇంజను కాగిపోతుంది. గేరుబాక్సు ఆయిలు జన్మంతా మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు అంటాయి. ఆ గేరుబాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల లోపు మార్చమంటోంది. చేసినవాడి మాట వినడం మేలు కదా!

మూడో రాశి, చెడితే చెడనివ్వదగ్గవి. సీటు మోటారు, లోపలి రంగుల దీపాలు, వెనక అద్దం పరదా. ఇవి చెడితే అప్పుడు చూసుకోవచ్చు. విచిత్రమేమిటంటే చాలా ఇళ్లలో ముందు డబ్బు పోసేది వీటికే. నలుగురికీ కనిపించేవి ఇవేగా!

ఇదంతా మగవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనుకునే అక్కచెల్లెళ్లకు ఒక మాట. కొనేప్పుడు మనల్ని అడిగేవాళ్లు తక్కువే. బండి ఆగిపోయి లక్షల బిల్లు వచ్చిన రోజున మాత్రం అందరి చూపూ మన గాజుల మీదికి పోతుంది. బంగారం బ్యాంకులో పెట్టాల్సొచ్చినప్పుడు వినిపించే మన మాట, సంతకం పెట్టకముందే ఎందుకు వినిపించకూడదు?

అందుకే కొనేముందే కూర్చుని అడగండి. పాత సర్వీసు బిల్లులేవి? టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారు? కంప్యూటరు పెట్టి చూపించారా? కొన్న ధరలో పదోవంతైనా బాగుచేతకని విడిగా బ్యాంకులో వేద్దామా? మొదటి రెండు రాశుల పనులూ మొదటి నెలలోనే చేయించేద్దామా? వీటికి డబ్బు లేదంటే ఆ కారు మనకు అందుబాటులో లేదనే అర్థం, దాని ధర ఎంత తక్కువైనా సరే. చిన్నకారులో వెళ్లినా హార్స్లీ హిల్స్ చల్లగాలి అంతే చల్లగా ఉంటుంది. అందరం క్షేమంగా కొండ దిగి ఇంటికి రావడమే మనకు కావాల్సింది.